గుమ్మడిపూల పునాదులు

సున్నపుపొడి వాసన నాకు ఇప్పటికీ ఇంటి వాసనే. మదనపల్లెలో మా వీధిలో ఎవరైనా కొత్తగా ఇల్లు మొదలుపెట్టి నేలమీద తెల్లగీతలు పోశారంటే, కూరగాయల సంచి చేతిలో బరువుగా ఉన్నా కాసేపు నిలబడి చూస్తాను. గది ఎక్కడ వస్తుంది, వాకిలి ఎటు తిరుగుతుంది అని లోపల లెక్క వేసుకుంటాను. అలవాటు పోలేదు.

గృహనిర్మాణ శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారు, మీరు చేసిన పనుల్లో గుర్తుండిపోయినది ఒకటి రాయండి అని మన రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్లు అడిగారు. చేసిన పనులు చాలానే ఉన్నాయి. దేవుడి దయవల్ల కొన్ని వందల కుటుంబాలు కప్పు కిందికి చేరడం నా కళ్లతో చూశాను. అయినా రాయాలని కూర్చుంటే గుర్తొచ్చింది మాత్రం జరగని పని. ఏమీ అనుకోకండి.

నేను బడికి పోయినదాన్ని కాదు. పుంగనూరులో మా నాయనకు చిల్లర అంగడి ఉండేది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి దుమ్ములో నేను బతకనని మా అమ్మ భయం. అందుకని నాయన నన్ను తూకం రాళ్ల పక్కన కూర్చోబెట్టి అక్షరాలు, లెక్కలు నేర్పాడు. పంచాంగం చూడటం కూడా అక్కడే వచ్చింది. ఉప్పుకీ బెల్లానికీ వచ్చినవాళ్లు తిథి, నక్షత్రం కూడా అడిగి పోయేవారు. నాయన చేయి ఖాళీ లేకపోతే నేను చెప్పేదాన్ని. తర్వాత పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. ఆయన ఓపికే నాకు అన్నం పెట్టింది. ఆ మాట రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను.

ఉద్యోగం మొదట మదనపల్లె ఆఫీసులో, టైపు మిషను ముందు. ఎన్నికలు వస్తున్నాయంటే మా వరండా నిండిపోయేది. ఇళ్లు వస్తాయా, కట్టిన ఇళ్లమీద అప్పుకు వడ్డీ తగ్గుతుందా, కట్టాల్సిన వాయిదాలు మాఫీ అవుతాయా, ఇవే ప్రశ్నలు. మా దగ్గర జవాబు ఉండదు. పైనుంచి కాగితం రావాలి. కాగితం వచ్చేలోపల ఇంకో ఎన్నిక వచ్చేది. తొంభైల్లో పార్లమెంటుకు అలాగే జరిగింది కదా, పెళ్లిపందిరి విప్పకముందే ఇంకో పెళ్లి అన్నట్టు.

ఇళ్ల పట్టాలు ఆడవాళ్ల పేరుమీద ఇవ్వాలని ఆదేశం వచ్చినప్పుడు, వాళ్లతో మాట్లాడేదానికి ఒక ఆడమనిషి ఉండాలని నన్ను కుప్పం వైపు పంపించారు. అక్కడ నాకు పెద్దదిక్కు ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. టేపు పట్టుకోవడం, పురికొస లాగడం, మూలమట్టం చూడటం, ముగ్గు పోయడం అన్నీ ఆయనే నేర్పాడు. ఇంటి కొలతల ప్రకారం నేలమీద సున్నపుపొడితో గీతలు పోయడాన్ని మేం ముగ్గు పోయడం అనేవాళ్లం. ఆ గీతలమీదే పునాది గుంత తవ్వుతారు. ఆయన ప్రతి ఊళ్లోనూ చివరి గీత పోసి చేతులు దులుపుకుంటూ, “ముగ్గు పడిందంటే ఇల్లు లేచినట్టేనమ్మా, ఇంక నిమ్మళంగా నిద్రపోండి,” అనేవాడు. ఉత్తమాట కాదు. అప్పటిదాకా అది నిజమే. ముగ్గు పోసిన ఇల్లు మొదలైన ఇల్లుగానే ఆఫీసులో రాసుకునేవాళ్లం.

రామకుప్పం దాటి అడవి అంచున ఒక పల్లె. ఇరవై పైచిలుకు బోదగడ్డి కొట్టాలు. రాగి కోతలయ్యాక ధాన్యం ఇంట్లో చేరుతుంది. ఆ వాసనకు ఏనుగులు దిగుతాయి. బోద కప్పు, మట్టిగోడ వాటికి లెక్కా? తొండం పెట్టి గోడ తోసేస్తాయి, మూటలు లాక్కుంటాయి. అందుకే ఆ ఊరికి ఇల్లంటే దర్జా కాదు, రాతి పునాదిమీద నిలబడే ఇటుక గోడ. ఆ కార్తీకంలో మేమిద్దరం పోయి ఊరి పక్కన బీడులో అందరికీ ముగ్గులు పోశాం. ఆయన తన మాట తను చెప్పాడు. రాయి ఇంకా తోలలేదు, మగవాళ్లు రాత్రింబగళ్లు చేలకాపలాలో ఉన్నారు. కోతలు కానిచ్చి తవ్వుకుంటాంలే అన్నారు. సరే అన్నాం.

కోతలు అయ్యేసరికి ధనుర్మాసం వచ్చింది. అంతకు ముందే ఢిల్లీలో పార్లమెంటు రద్దయింది.

మా ఇంజనీరు సారు కోస్తా వైపు నుంచి వచ్చిన చిన్నవాడు, పని తెలిసినవాడు. ఒకరోజు నన్ను పిలిచి, పైనుంచి వచ్చిన ఆదేశం చెప్పాడు. ఎన్నికల కోడ్ ఇంకొద్ది రోజుల్లో వస్తుంది. కోడ్ వచ్చేనాటికి మొదలైన ఇళ్లే ఆగకుండా సాగుతాయి. మొదలవడం అంటే ఇప్పుడు ముగ్గు కాదు, పునాది గుంత తవ్వి కనిపించాలి. మిగతావన్నీ ఎన్నికలయ్యేదాకా బంద్. మార్చితో బడ్జెట్ ఏడాది ముగుస్తుంది, అది దాటితే ఆ ఇళ్లు ఈ ఊరికే ఉంటాయని చెప్పలేం.

ధనుర్మాసంలో ఎవరూ గుంత తవ్వరు సార్ అన్నాను. ఆయనకు ఆ సంగతి తెలుసు. అందుకే నన్ను పిలిచాడు.

“మీరు పూజలవీ చేస్తారు, పంచాంగం చూస్తారని ఊళ్లన్నిట్లో చెప్పుకుంటారు మేడం. ఏదో ఒక మంచిరోజు ఉందని చెప్పండి. దేవుడేమీ అనుకోడు.”

“దేవుడు అనుకోడు సార్. రేపెవరికైనా కాలు నొప్పి వచ్చినా వాళ్లు అనుకుంటారు.”

ఆయన కోప్పడలేదు. “అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పి చూడండి,” అన్నాడు. ఆ మర్యాదకు ఇప్పటికీ ఆయనకు నమస్కారం.

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు పోయాను. బస్సు దిగి నడుస్తున్నంతసేపూ మనసులో పంచాంగం తిప్పుతూనే ఉన్నాను. ఎక్కడైనా సందు దొరుకుతుందా అని. దొరకలేదు. లేని ముహూర్తం నోటితో పుట్టించడం నావల్ల కాదు.

ఊరి పెద్ద ఇంటి అరుగు దగ్గర అందరూ చేరారు. పెద్ద అంటే వయసులో పెద్ద, మాట నిదానం, ఊళ్లో తగాదా ఏదైనా ఆయన అరుగుమీదే తెగేది. ఆయన భార్య నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నేను ఆదేశం సంగతి అర్థమయ్యేలా చెప్పాను. గుంత లేకపోతే ఇల్లు ఉండదు, ముగ్గు చాలదు అని రెండుసార్లు చెప్పాను. వర్క్ ఇన్‌స్పెక్టర్ సారు చాలునన్నాడు కదా అని ఒకరు అడిగారు. అప్పుడు చాలేది, ఇప్పుడు చాలదు అన్నాను. ఈ ముక్క చెప్పడం తేలిక, నమ్మించడం కష్టం. నిన్నటిదాకా మన నోటితోనే చెప్పిన మాట కదా.

పెద్దాయన అంతా విని తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“అంతా సరే గానమ్మా. ఒక్క మాట అడుగుతాను, దాపరికం లేకుండా సెప్పండి. ఇది మీ ఇల్లే అనుకోండి. మీరైతే ఈ నెల్లో గుంత తవ్వుతారా?”

ఉద్యోగంలో నన్ను అంతకన్నా కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. అబద్ధం చెప్పితే ఆ అరుగుమీద కూర్చునే అర్హత పోతుంది. నిజం చెప్పితే ఏమవుతుందో తెలుసు.

“నేనైతే తవ్వను పెద్దాయనా,” అన్నాను. “అయితే నాకు తల దాచుకునేదానికి ఇల్లుండాది.”

రెండో మాట పూర్తయ్యేలోపలే అరుగు చుట్టూ కదలిక వచ్చింది. సూసినారా, అమ్మే తవ్వనంటాది అని ఒకరితో ఒకరు అనుకున్నారు. సంక్రాంతి పండగ పోనీమ్మా, పండగ మరునాడు ఊరంతా గడ్డపారలు పట్టుకుంటాం అన్నారు. నామీద వాళ్లకు ఉన్న గౌరవమే ఆ రోజు వాళ్లను ఆపింది. ఆ గౌరవం కొంచెం తక్కువగా ఉండి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

బస్సుకు తిరిగి పోతుంటే బీడు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లు ఉంటాయి. భర్త లేడు, ఒక కూతురు. ఆ సంవత్సరం ఏనుగులు మొదట పడగొట్టింది ఆమె కొట్టాన్నే. అప్పటినుంచి తల్లీకూతుళ్లు బడి వసారాలో పడుకుంటున్నారు. ఆమె చేతిలో గడ్డపార ఉంది.

“మీరు రెండు మాటలు సెప్తిరి కదమ్మా,” అంది. “వాళ్లు మొదటిది విన్నారు. నేను రెండోది విన్నాను. యాడ మొదలు పెట్టాల్నో సూపిచ్చండి.”

నెల తెలుసు కదమ్మా అన్నాను. బడి వసారాకు నెల యాడిదమ్మా అని మాత్రం అంది.

ఈశాన్యం మూల చూపించాను. నేను చేసింది అంతే. ఆమె మూడుసార్లు నేలకు దండం పెట్టి మొదటి పోటు వేసింది. ఆ చప్పుడుకు ఊళ్లోంచి కొందరు ఆడవాళ్లు వచ్చారు. ఆమె తోడికోడలు వరసయ్యే మనిషి నడుంమీద చేతులు పెట్టుకుని అడిగింది.

“మొగుణ్ని మింగింది సాల్లేదా? ఊరిని గూడా మింగుతావా?”

“ఊరు నాకేమన్నా కొట్టం కట్టిచ్చిందా అక్కా, మింగేదానికి?” అని ఆమె తల ఎత్తకుండానే అని, తవ్వుతూనే ఉంది.

కోడ్ వచ్చే ముందురోజు ఇంజనీరు సారు, వర్క్ ఇన్‌స్పెక్టర్, నేను జీపులో మళ్లీ పోయాం. ఎక్కడెక్కడ గుంతలు పడ్డాయో చూసి రాసుకోవాలి. తెల్లారుతున్న వేళ, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. దూరం నుంచి బీడు తెల్లగా కనిపించింది. మేం కార్తీకంలో పోసిన ముగ్గు అంతకాలం నిలవదు. గాలికీ మేకల కాళ్లకీ ఎప్పుడో చెదిరిపోవాలి. దగ్గరికి పోయాక అర్థమైంది. ఊరి ఆడవాళ్లు రోజూ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేశాక, ఇక్కడికి వచ్చి మేం పోసిన గీతలమీదే మళ్లీ ముగ్గుపిండితో దిద్దుతున్నారు. గీత ఒక్క వేలెడు కూడా పక్కకు పోలేదు. ప్రతి ఇంటి నాలుగు మూలలా గొబ్బెమ్మలు, వాటిమీద గుమ్మడిపూలు. వంటగది రావాల్సిన చోట పసుపు, కుంకుమ. ఇరవై పైచిలుకు ఇళ్లు, లోపల పూలు పెట్టి, గోడలు లేకుండా సిద్ధంగా ఉన్నాయి.

ఆ నెలలో తవ్వకూడదు కానీ ముగ్గు వేయొచ్చు కదా. ముగ్గు చెరగకపోతే ఇల్లు చెరగదనుకున్నారు. చాలదని నేను చెప్పిన మాటకన్నా, చాలునని ఆయన అన్నేళ్లుగా చెప్పిన మాటే వాళ్లకు ధైర్యంగా ఉంది.

ఇంజనీరు సారు మొదటి ముగ్గునుంచి చివరి ముగ్గుదాకా నడిచి వచ్చాడు. తర్వాత మెల్లగా, “గుంతలేవి?” అన్నాడు.

పెద్దాయన భార్య ముందుకొచ్చింది. చేతులకు ఇంకా పిండి ఉంది. “ముగ్గు సెరగలేదు సారూ. దినామూ ఏస్తానే ఉండాం. సూసుకోండి, మీ కొలత మీకే ఉండాది.”

వర్క్ ఇన్‌స్పెక్టర్ జీపు వెనక్కి పోయాడు. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన ఏ ఊళ్లోనూ ఆ మాట మళ్లీ అనలేదు. ముగ్గు పోసి, డబ్బా మూసి, మాట్లాడకుండా జీపెక్కేవాడు. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే మనిషి అలా అయిపోవడం చూడలేకపోయేదాన్ని.

ఆ ఊళ్లో గుంత ఒక్కటే ఉంది. ఒక్క ఇల్లే రాసుకున్నాం.

పండగ మరునాడు వాళ్లు మాట తప్పలేదు. అందరూ గడ్డపారలతో వచ్చారట. అప్పటికి కోడ్ వచ్చేసింది. తవ్వినా రాసుకునే వీలు లేదని మా ఆఫీసు చెప్పాల్సి వచ్చింది. తర్వాత ప్రచారం జీపులు వచ్చాయి. ఇంటి అప్పుమీద వడ్డీ తీసేస్తామని మైకులో చెప్పుకుంటూ ఆ ఊళ్లోకీ వచ్చారట. ఒక ముసలామె జీపు ఆపి, “వడ్డీ తీస్తారు సరే నాయనా, ఇల్లు యాడుండాది?” అని అడిగిందని రామకుప్పం బస్టాండులో చెప్పుకుని నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు. ఢిల్లీలో కొత్త ప్రభుత్వం వచ్చింది. మార్చి దాటింది. మొదలుకాని ఇళ్లు వెనక్కి పోయాయి. కొత్త పథకంలో కొత్త ఊళ్లు వచ్చాయి. ఏడాదిన్నర తిరక్కుండానే ఇంకో ఎన్నిక. ప్రతిసారీ ఆ ఊరి పేరు రాసి పంపించాను. రాయడం వరకే నా చేతిలో ఉండేది.

ఆ గుంత తవ్వినామె ఇల్లు మాత్రం లేచింది. ఒక గది, వంటకు మూల, ముందు చిన్న వసారా. గృహప్రవేశానికి టెంకాయ, పసుపు పట్టుకుని పోయాను. మేస్త్రీ ఉన్నాడు, తల్లీకూతుళ్లు ఉన్నారు. ఊళ్లోంచి ఒక్కరూ రాలేదు. ఆమె అకాలంలో భూమి తవ్వడం వల్లే ఊరందరి ఇళ్లూ ఆగిపోయాయని అప్పటికి ఊరు నమ్మేసింది. ఆదేశం, కోడ్, మార్చి అని నేను ఎంత చెప్పినా అవి కంటికి కనిపించేవి కావు. ఆమె తవ్విన గుంత కంటికి కనిపిస్తుంది. పాలు పొంగాక ఆమె ఎక్కువే కాచిందని తెలిసింది. ఊరికి సరిపడా. మేం నలుగురం తాగగలిగినంత తాగాం.

మరుసటి కోతలకు ఏనుగులు పెద్దాయన కొట్టంమీద పడ్డాయి. గోడ కూలి ఆయన భార్య పోయింది. మజ్జిగ ఇచ్చిన చెయ్యి, పిండి అంటిన చెయ్యి. నేను పోయేసరికి అంతా అయిపోయింది. పెద్దాయన నాకు చాప వేసి కూర్చోమన్నాడు. నాలుగు మాటలు అని ఉంటే తేలికగా ఉండేదేమో.

అప్పటినుంచి ఊరిలో ఒక పద్ధతి ఏర్పడింది. కోతలు కాగానే రాగి మూటలన్నీ తెచ్చి ఆ కొత్త ఇంటామె గదిలో పేర్చేవాళ్లు. ఊళ్లో గట్టి గోడ అదొక్కటే. వాళ్లు అడిగేవారు కాదు, ఆమె వద్దనేది కాదు. తలుపు తీసి పక్కకు నిలబడేది. ఏనుగులు దిగాయని కేక వినిపిస్తే పిల్లల్నీ ముసలివాళ్లనీ కూడా అక్కడికే తెచ్చేవారు. అయినా ఆ ఇంట్లో చెంబుడు నీళ్లు ఎవరూ తాగేవాళ్లు కాదు. పసిపిల్లలకు నీళ్లు కూడా ఎవరి ఇంటినుంచి వాళ్లు తెచ్చుకునేవారు. నేను ఎప్పుడు పోయినా ముందు నీళ్లు అడిగి తాగేదాన్ని. దప్పిక లేకపోయినా సరే. అంతకన్నా నాకు ఏమీ చేతనయ్యేది కాదు.

ఏళ్లు గడిచాయి. నన్ను మళ్లీ మదనపల్లెకు మార్చారు. రెండువేల సంవత్సరం తర్వాత బ్యాంకుల్లో ఇంటి లోన్లకు వడ్డీలు బాగా దిగాయి. మా వీధిలో టీచర్లు, గుమస్తాలు మిద్దెలు కట్టుకున్నారు. మా తమ్ముడూ కట్టుకున్నాడు. స్లాబు పోసిన రోజు అందరికీ సంతోషం. నేనూ సంతోషించాను. కానీ వాళ్ల గోడకు చెయ్యి ఆనించినప్పుడల్లా ఆ బీడు గుర్తొచ్చేది. వడ్డీ ఎంత దిగినా అక్కడిదాకా దిగదు కదా.

రెండువేల నాలుగు ఎన్నికల తర్వాత రెండేళ్లకు పెద్ద ఎత్తున ఇళ్లు వచ్చాయి. ఈసారి జాబితాలో ఆ ఊరు ఉంది. నాకు సర్వీసులో చివరి సంవత్సరం. అడిగి మరీ ఆ పనిమీద వెళ్లాను. నాతో ఒక కొత్త వర్క్ ఇన్‌స్పెక్టర్, ఉత్సాహంగా ఉన్నాడు.

అది ఆషాఢం. కొత్త ఇల్లు ఎవరూ మొదలుపెట్టని నెల. దారి పొడవునా నాకు ఒకటే ఆలోచన. మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు, ఏం చెప్పాలి అని.

ఎవరూ అడగలేదు. మేం జీపు దిగేసరికి ఊరంతా బీడులో ఉంది. పంచాంగం మాట లేదు, టెంకాయ లేదు. మేం పురికొస కట్టి ముగ్గు పోస్తుంటే, గీత వెనకే గడ్డపారలు దిగుతున్నాయి. కొత్త ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు, ఆగండి ఆగండి, మూల కొలవనీండి అంటున్నా ఆగలేదు. కోరుకున్నది అదే కదా. అయినా నాకు మనసులో ఏమీ వెలగలేదు. ఒక దండం పెట్టే తీరిక కూడా వాళ్లలో మిగలకుండా చేశామనిపించింది. నేనే ఒక మూల నిలబడి అందరి తరఫునా మనసులో దండం పెట్టుకున్నాను.

ఆమె తన వసారాలో నిలబడి చూస్తోంది. జుట్టు నెరిసింది. కూతురికి పెళ్లయి పలమనేరు వైపు పోయింది. నేను దగ్గరికి పోతే చెంబుతో నీళ్లిచ్చింది. ఇద్దరం బీడు వైపు చూస్తూ కూర్చున్నాం.

“నేనొక్కదాన్ని తవ్వితే పాపమాయెనమ్మా,” అంది. గొంతులో కోపం లేదు. “ఇప్పుడు అందరూ తవ్వతాండారు. అది పనంట.”

నేను చెంబులో మిగిలిన నీళ్లు కూడా తాగేశాను.

పొద్దెక్కింది. పెద్దాయనకు చూపు తగ్గింది, అయినా కొడుకుతో పాటు గుంతలో దిగి మట్టి ఎత్తిపోస్తున్నాడు. కాసేపటికి నడుం పట్టుకుని గట్టుకు ఆనుకున్నాడు. “ఎవురన్నా రవ్వన్ని నీళ్లు తెండప్పా,” అన్నాడు. నీళ్లకు ఊళ్లోకి పోయి రావాలి. దగ్గరున్నది ఈమె ఇల్లే. చుట్టుపక్కల గడ్డపారలు ఒక్క క్షణం నిలిచాయి.

ఆమె లేచి లోపలికి పోయింది. చెంబు నింపుకుని పోయి గుంత అంచున నిలబడింది. ఆయన తల ఎత్తి ఎవరో పోల్చుకున్నాడు. చెంబు అందుకున్నాడు. ఆగకుండా తాగాడు, గడ్డంమీదుగా కారుతున్నా ఆగలేదు. ఖాళీ చెంబు ఆమె చేతికి ఇవ్వలేదు. గట్టుమీద పెట్టి, మళ్లీ పార పట్టుకున్నాడు.

ఆమె వంగి దాన్ని తీసుకుని, మళ్లీ నింపుకొచ్చేదానికి పోయింది.